సుత్తి మీద పొరలు

ఆ ఎండాకాలం మా గేటు దగ్గర మూడు తలలు పగిలాయి. నాలుగోది లోపల, మా వాకిట్లోనే పగిలింది. మొదటి మూడింటి గురించి ఊరంతా నోళ్ళు నొప్పిపుట్టేలా చెప్పుకుంది. నాలుగోదాని గురించి నేను చెప్పాలి.

గొడవ నీళ్ళ దగ్గర మొదలైంది. కిందటి ఏడు వానలు మొహం చాటేశాయి. ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయినా మా కొండ ఊట సన్నగానైనా పడుతూనే ఉంది. ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. ఓ గిన్నెను ఊట కింద నెల రోజులు పెడితే గిన్నెకు లోపలా బయటా రాతి తొడుగు వేసేస్తాయి. ఎంత చెప్పినా వినేవాళ్ళెవరు? "అయితే మీరేం తాగి బతుకుతున్నారు?" అని గేటు పట్టుకుని ఊపేవాళ్ళు. మేము తాగేదీ ట్యాంకరు నీళ్ళేనని నమ్మినవాడు ఒక్కడూ లేడు.

అందరికంటే ముందు నిలబడ్డవాడు ఇటుకబట్టీ మేస్త్రీ. అతనికీ మాకూ పాత లెక్కలున్నాయి. కిందటి ఎండాకాలంలో మాకు తెలియకుండా ఊటకు పైన మోటారు బిగించి, ఇరవై రోజులపాటు మా నీళ్ళు చుక్క లేకుండా లాగేశాడు. మా అన్న వెళ్ళి ఆ మోటారును సమ్మెటతో తుక్కుతుక్కు చేస్తే గానీ నీళ్ళు మళ్ళీ పడలేదు. ఈసారి మేస్త్రీ ఆరుగురు మనుషుల్ని, గడ్డపారల్ని వెంటబెట్టుకుని మిట్టమధ్యాహ్నం నేరుగా గేటుకే వచ్చాడు.

"మీ ఊట కాలవ కొట్టేసి నీళ్ళు తిప్పుకుంటాం. అడ్డొస్తే మిమ్మల్నీ కొడతాం" అన్నాడు.

మా అన్నకు ముక్కు మీద కోపం. అంతవరకూ మాట్లాడుతున్నవాడు కాస్తా పార తీసుకుని మేస్త్రీ నెత్తిన వేశాడు. బాబాయి పక్కనుంచి దూకి ఇంకొకణ్ణి కింద పడేశాడు. ఎవరో విసిరిన ఇటుక తగిలి బాబాయి చెవి చీలిపోయింది. నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి కారుతుంటే కూడా ఆయన అది పట్టించుకోలేదు. అప్పటికే మేస్త్రీ కిందపడి ఉన్నాడు, అన్న అతని గుండెల మీద కూర్చుని ఉన్నాడు, అన్న చేతిలో రాయి ఉంది. బాబాయి వెనకనుంచి రెండు చేతులూ అన్న చంకల కింద వేసి ఎత్తి పక్కకు విసిరేశాడు.

"చస్తాడ్రా! చస్తే నువ్వు పోయి జైల్లో కూర్చోవాలి, తెలుసా వెధవా?"

"చావనీ" అన్నాడు అన్న రొప్పుతూ.

అలాంటివి ఆ నెలలో మూడు జరిగాయి. ప్రతిసారీ వాళ్ళిద్దరూ పక్కపక్కనే నిలబడి కొట్టారు, పక్కపక్కనే కూర్చుని కట్లు కట్టించుకున్నారు. కట్టు కట్టేది బాబాయి భార్య, మా పిన్ని. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది పిన్నే. దూది అద్దుతూ ఇద్దర్నీ సమానంగా తిట్టేది.

మాది రాయి పండించే పని. నవ్వకండి, దానికి ఇంతకంటే సరైన మాట లేదు. కొండ పక్కనుంచి దూకే నీటి కింద మెట్లు మెట్లుగా చెక్క బల్లలు ఉంటాయి. వాటి మీద రబ్బరు అచ్చులు పేరుస్తాం. పక్షులు, గుర్రాలు, మనుషుల మొహాలు. ఏడాదిన్నర తర్వాత అచ్చు ఊడదీస్తే చేతికి రాతి బొమ్మ వస్తుంది. ఈ పని చేసేది నీళ్ళే అనుకుంటారు చూడ్డానికి వచ్చినవాళ్ళు. అది సగమే నిజం. ముందు అచ్చు మీద జిగటగా పచ్చటి పాచి పడుతుంది. ఆ పాచి నీళ్ళలోని సున్నాన్ని పట్టుకుని తన మీద కప్పుకుంటుంది. మళ్ళీ ఆ కప్పు మీదకెక్కి కూర్చుంటుంది. పాచిని గీకి శుభ్రం చేస్తే రాయి పెరగడం పడిపోతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అచ్చులు మురికిగా ఉన్నాయని తోమేసి నాన్న చేతిలో తిట్లు తినేవాళ్ళు.

పాచికి కాలాలు తెలుసు. ఎండాకాలం అది విచ్చలవిడిగా పెరుగుతుంది. అప్పటి పొర మందంగా, తెల్లగా, గుల్లగా ఉంటుంది. చలికాలం ముడుచుకుపోతుంది. అప్పటి పొర సన్నగా, నల్లగా, గట్టిగా ఉంటుంది. వానాకాలం వరద వస్తే మధ్యలో ఎర్రటి బురద చార పడుతుంది. రాయిని అడ్డంగా కోసి నునుపు చేసి తడిపితే అన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక తెలుపు, ఒక నలుపు కలిస్తే ఒక ఏడు. ఆ చదువు నాన్న అన్నకు చెప్పబోయాడు. అన్నకు కూర్చునే ఓపిక లేదు. నాకు అబ్బింది. బాబాయి నన్ను "పొరలమ్మా" అని పిలిచేవాడు. బయటివాళ్ళ ముందు పిలిచినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండేది.

నాన్న సంగతి కూడా చెప్పాలి. ఆ ఎండాకాలం తర్వాత వచ్చే వానలకు ఆయన పోయి మూడేళ్ళు నిండుతాయి. వరద రోజు బల్లలు కొట్టుకుపోకుండా కట్టడానికి ఒంటరిగా వెళ్ళాడు. నాలుగు రోజుల తర్వాత కింద వంతెన దగ్గర దొరికాడు, తల వెనక పగిలి ఉంది. రాయికి కొట్టుకున్నాడని అందరూ అన్నారు. అన్న ఒప్పుకోలేదు. నీటి పక్కనే పుట్టి పెరిగినవాడు అలా జారిపోడన్నాడు. అంతకు పది రోజుల ముందు నాన్నా బాబాయీ కొట్టుకున్నారు. ఏ అచ్చులు ఏ బల్ల మీద పెట్టాలన్న దగ్గర మొదలై, నాన్న బాబాయి పన్ను ఊడగొట్టేదాకా పోయింది. బాబాయి పిన్నిని తీసుకుని ఆ రోజే వేరే ఊరు వెళ్ళిపోయాడు. నాన్న పోయిన వారానికి కబురు విని తిరిగొచ్చాడు. అన్న ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి, "వరద రోజు ఎక్కడున్నావ్?" అని అడిగాడు. "ఇక్కడ లేను" అన్నాడు బాబాయి. ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగలేదు. కానీ అది మా ఇంట్లోనే మాతోపాటు తిని పడుకుంది.

ఎండలు ముదిరాక నీళ్ళు ఇంకా సన్నబడ్డాయి. అట్టడుగు బల్ల కింద మామూలుగా మునిగి ఉండే గుంట బయటపడింది. అంతకుముందు ఎవరూ దిగి చూడని ఆ గుంటలోకి అన్న దిగి, పేరుకున్న రాతి ముద్దల్ని గడ్డపారతో పెకలించి ఒడ్డుకు విసురుతున్నాడు. ఒక ముద్ద బండకు తగిలి అంచు విరిగింది. లోపల ఇనుము కనిపించింది.

అది సుత్తి. ఎవరిదో అడగనక్కర్లేదు. బాబాయిది ఎడమచేతి వాటం. ఆయన సుత్తి మొహం ఎప్పుడూ ఒకవైపుకే అరిగి ఉంటుంది.

అన్న కేక వేస్తే బాబాయి వచ్చాడు. సుత్తిని చూసి ఆయన మొహం ఎర్రబడింది. ఆ ఎరుపు నేనూ చూశాను. భయం అనుకున్నాను.

"ఇది ఎప్పుడు పోయింది?" అన్నాడు అన్న.

"తిరిగొచ్చిన మరుసటేడు. వానల్లో. చెయ్యి జారింది."

"ఎవరికీ చెప్పలేదే?"

"పాతికేళ్ళు రాయి కొట్టినవాణ్ణి, సుత్తి నీళ్ళలో పారేసుకున్నానని డప్పు కొట్టమంటావా? మీరిద్దరూ నన్ను బతకనిస్తారా?" నవ్వబోయాడు గానీ ఎవరూ నవ్వలేదు.

"నాన్న పోయిన రోజు కాదుగా?"

బాబాయి నవ్వు ఆగిపోయింది. "ఏమన్నావురా?"

"నువ్వు చెప్పొద్దు. చెల్లి చెప్తుంది" అని అన్న ఆ ముద్దను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బాబాయి చెప్పింది నిజమైతే సుత్తి మీద రెండు నల్ల పొరలు ఉండాలి. మూడు ఉంటే అది నాన్న పోయిన వరదలో పడ్డట్టు. అంటే ఆ రోజు బాబాయి ఇక్కడే ఉన్నాడని. లెక్క అంతే.

షెడ్డులో రంపం బల్ల ముందు కూర్చున్నాను. అన్న నా భుజం మీద నుంచి తొంగి చూస్తూ నిలబడ్డాడు. అతని ఊపిరి వేడిగా నా మెడకు తగులుతోంది. సుత్తి పక్కగా రాయిని కోసి, గరుకు కాగితంతో నునుపు చేసి, తడి గుడ్డతో తుడిచాను. ఇనుముకు ఆనుకుని బురద చార. దాని మీద నలుపు, తెలుపు. నలుపు, తెలుపు. నలుపు, తెలుపు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి వానాకాలం మొదట్లో తేదీ గీసిన చదును పలకలు కొన్ని బల్లల చివర పెడతాం. వాటిని సాక్షి పలకలంటాం. ఏ రాయి వయసు చెప్పాలన్నా, అవే నీళ్ళలో ఉన్న సాక్షి పలకను కూడా కోసి రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాకే నోరు విప్పాలి. నాన్న ఈ మాట నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. పలక తెచ్చి కోయడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట నాకు బరువైంది. కళ్ళకు ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఇంకా సాక్ష్యం దేనికనిపించింది. నిజం చెప్పాలంటే నాకూ కోపంగానే ఉంది. మూడేళ్ళుగా నేనూ అన్నలాగే ఎదురుచూస్తున్నాను.

"చెప్పవే" అన్నాడు అన్న.

"మూడు" అన్నాను.

అన్న బల్ల మీది సుత్తిని, దానికి అంటుకున్న రాయితో సహా, తీసుకుని బయటికి నడిచాడు.

బాబాయి వాకిట్లో గచ్చు మీద కూర్చుని ఉలి సాన పడుతున్నాడు. అన్న మాటామంతీ లేకుండా కాలితో ఆయన మొహం మీద తన్నాడు. ఉలి ఎగిరిపోయింది. బాబాయి వెల్లకిలా పడి, వెంటనే లేచాడు. ఆయన తక్కువవాడేం కాదు. ఎడమచేత్తో ఒక్కటిస్తే అన్న నోట్లోంచి రెండు పళ్ళు నెత్తురుతో బయటికొచ్చాయి. ఇద్దరూ కలబడి ఆరబెట్టిన అచ్చుల మీద పడ్డారు. గుర్రాలూ మొహాలూ వాళ్ళ కింద చిట్లిపోయాయి. పిన్ని పరుగున వచ్చి అన్న జుట్టు పట్టుకుని లాగింది. అన్న మోచేత్తో కొడితే వెళ్ళి గోడకు గుద్దుకుంది. నేను "అన్నా! అన్నా!" అని అరుస్తున్నాను. ఆపమని అరిచానో, కొట్టమని అరిచానో ఇప్పటికీ చెప్పలేను.

"మూడు! మూడు పొరలురా! నా తండ్రిని చంపి నా ఇంట్లో తిన్నావురా!"

బాబాయి అన్న మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. సుత్తి ఇద్దరి తలల మీదా గాలిలో ఆగింది. ఇంకొక్క నిమిషం పట్టి ఉంటే బాబాయి దాన్ని లాక్కునేవాడే. అప్పుడు ఆయన మొహం నా వైపు తిప్పాడు. ఆ మొహంలో కోపం లేదు. పనిలో ఏదో సందేహం వచ్చినట్టు అడిగాడు.

"పలక కోశావా, పొరలమ్మా?"

"లేదు" అన్నాను.

ఆ మాట వింటూ ఆయన పట్టు సడలించాడు. దెబ్బ చెవి పైన పడింది. రెండోది, మూడోది ఆయన కింద పడ్డాక పడ్డాయి. ఆ చప్పుడు ఎలా ఉంటుందో నేను రాయను. నాలుగోదానికి పిన్ని ఆయన మీద పడుకుంది. అప్పుడు ఆగాడు అన్న.

పోలీసులు వచ్చేదాకా అన్న ఎక్కడికీ పోలేదు. పళ్ళు ఊడిన నోటిని చొక్కాతో తుడుచుకుంటూ గచ్చు మీదే కూర్చున్నాడు. బాబాయి ఆసుపత్రిలో మూడు రోజులు కళ్ళు తెరవకుండానే ఉండి ప్రాణం వదిలాడు.

ఊరు రాత్రికి రాత్రే తీర్పు చెప్పేసింది. కొడుకంటే వాడే అంది. తల పగలగొట్టించుకున్న ఇటుకబట్టీ మేస్త్రీ కూడా, "వాడు నన్ను కొట్టాడు గానీ, మగాడు" అని కబురు పంపాడు. బాబాయిని కాటికి సాగనంపి వస్తున్న పిన్ని మీద వీధి మలుపులో ఎవరో రాళ్ళు విసిరారు. ఒకటి నుదుటికి తగిలింది. "అన్నను చంపినవాడి పెళ్ళాం" అన్నారు. ఆమె చెంగు నుదుటికి అదుముకుని, నడక వేగం పెంచకుండా ఇంటికొచ్చింది. నేను వెనకే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళాను. బాబాయి ప్రశ్న నా చెవుల్లోంచి పోవడం లేదు. రెండేళ్ళ కిందటి వానాకాలం తేదీ గీసి ఉన్న సాక్షి పలక తెచ్చి కోశాను. తుడిచాను. రెండు నల్ల పొరలు ఉండాలి.

మూడున్నాయి.

తప్పు కోశానేమోనని ఇంకో చోట కోశాను. మూడే. నాన్న పోయిన ఏడు పెట్టిన పలక కోశాను. అందులో నాలుగున్నాయి. ప్రతి పలకలోనూ కిందటి ఎండాకాలపు తెల్లటి పొర నడుమ ఒక నల్ల గీత ఉంది. నాన్న రోజుల్లో ఊట ఒక్కపూట ఆగి ఎరగదు. కిందటేడు మోటారు పెట్టిన ఆ ఇరవై రోజులు నీళ్ళు ఆగి, పాచి ఎండి నల్లగా పెచ్చు కట్టింది. నీళ్ళు మళ్ళీ రాగానే ఆ పెచ్చు మీద తెల్లగా పెరిగింది. ఒకే ఎండాకాలం రెండేళ్ళలా కనిపించింది. ఆ ఇరవై రోజులూ ఎండిన బల్లల ముందు కూర్చుని ఏడ్చినదాన్ని నేనే. అలాంటిది కళ్ళ ముందు ఆ గీత ఉంటే దాన్ని చలికాలం అనుకున్నాను.

బాబాయి చెప్పింది నిజం. సుత్తి చెయ్యి జారిందంతే. ఆయన మొహం ఎర్రబడింది సిగ్గుతో.

రెండు పలకలూ పట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆమె బాబాయి చొక్కాలు ఉతుకుతోంది. ఎందుకు ఉతుకుతోందో ఆమెకే తెలియాలి. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆగలేదు. మొత్తం చెప్పాను. చివర, "తప్పు నాది పిన్నీ" అన్నాను.

పిన్ని బట్టలు ఉతికే కర్రతో కొట్టింది. భుజం మీద, వీపు మీద, అడ్డం పెట్టిన చేతి మీద. చిన్నప్పటి నుంచి నా మీద చెయ్యెత్తని మనిషి. నేను కదల్లేదు. ఆమె చేతులు అలిసిపోయి కర్ర జారవిడిచేదాకా కొట్టింది. చేతి వేలు విరిగిన సంగతి నాకు తర్వాత తెలిసింది.

"నాకు చెప్తే ఏం లాభమే?" అంది రొప్పుతూ. "ఆయనేంటో నాకు తెలీదా? నా నుదురు పగలగొట్టినవాళ్ళకు చెప్పు. పోయి చెప్పు!"

చెప్పడం అంత తేలిక కాదని మధ్యాహ్నం తెలిసింది. అన్న తరఫు లాయరు ఇంటికొచ్చాడు. "తండ్రిని చంపినవాడు ఎదురుగా కనిపిస్తే ఆవేశంలో కొట్టాడంటాం. శిక్ష బాగా తగ్గుతుంది. మీ అన్నకు ఊపిరి నువ్వు చెప్పే ఆ మూడేనమ్మా. మాట మార్చకు" అన్నాడు. ఒక పక్క బతికున్న అన్న, ఇంకో పక్క చచ్చిపోయినా దోషిగానే ఉన్న బాబాయి. ఎవర్ని పట్టుకున్నా రెండోవాళ్ళను నీళ్ళలోకి తోసినట్టే.

పోలీసు స్టేషనుకు పిలిచిన రోజు మొదటి వాన పడింది. విరిగిన వేలికి గుడ్డ చుట్టుకుని, పలకలు సంచిలో వేసుకుని వెళ్ళాను. పిన్ని రానంది. ఇన్‌స్పెక్టరు బల్లకు ఎదురుగా ఊచల వెనక అన్న ఉన్నాడు. నన్ను చూసి, పళ్ళు లేని నోటితో నవ్వాడు. మంచి పని చేసినవాడి నవ్వు అది.

"మూడు పొరలు. అంటే మీ నాన్న పోయిన రోజుదే ఆ సుత్తి. రాసుకున్నాను. చదువుకుని సంతకం పెట్టమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కలం తీసుకున్నాను. పెట్టలేకపోయాను.

"ఆ మాట కొట్టెయ్యండి సార్. రెండేళ్ళే. నేను తప్పు లెక్కపెట్టాను."

పలకలు బల్ల మీద పరిచి, మోటారు సంగతి, నల్ల గీత సంగతి చెప్పాను. ఇన్‌స్పెక్టరు మధ్యలో అడ్డుపడలేదు. చివర, "ఇది చెప్తే మీ అన్న ఏమవుతాడో తెలుసా?" అని మెల్లగా అడిగాడు.

"తెలుసు సార్."

"ఏయ్" అన్నాడు అన్న. ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "మూడన్నావు కదే. నా ముందే కూర్చుని మూడన్నావు."

"అన్నాను."

"మరి నాన్నని ఎవరు చంపారు?"

"ఎవరూ చంపలేదన్నా. వరదలో పడిపోయాడు."

అన్న నుదుటిని ఊచలకేసి కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు తలుపు తీసుకుని లోపలికి పరుగెత్తారు. అతణ్ణి నేలకు అదిమిపట్టినంతసేపూ ఒకటే అరుపు, నన్ను కాదు, బాబాయిని పిలుస్తూ. ఇన్‌స్పెక్టరు పాత కాగితం చించి కొత్త కాగితం తీశాడు. ఆ అరుపులోనే నేను మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, ఆయన రాసుకున్నాడు, సంతకం పెట్టాను.

ఇప్పటికి పన్నెండేళ్ళు. అన్న నన్ను చూడ్డానికి ఒప్పుకోడు. నెలకోసారి పిన్ని జైలుకు వెళ్తుంది. ఆమెను మాత్రం చూస్తాడట, చూసినంతసేపూ ఏడుస్తాడట. మేమిద్దరమే పని నడుపుతున్నాం. పిన్ని నాతో మాట్లాడుతుంది, రోజూ, పనికి ఎంత కావాలో అంత.